గుహ ముందు మోకరిల్లిన బాలిక – పునీత బెర్నదెత్తమ్మ

గుణదల కొండ ఎక్కిరాని కతోలిక కుటుంబం మన తెలుగునాట అరుదు. 1924లో ఫాదర్ ఆర్లాటిగారు అక్కడ మరియమాత స్వరూపాన్ని ప్రతిష్ఠించారు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో ఉత్సవాలకు జనం తండోపతండాలుగా వెళ్తారు. పదకొండవ తేదీకి గల విశేషం మనలో చాలామందికి తెలిసినదే. లూర్దు గుహలో దేవమాత తొలిసారిగా దర్శనమిచ్చిన దినమది. గుణదలలోనే కాదు, మన విచారణల్లో అనేకచోట్ల లూర్దుమాత గుహలున్నాయి. పైన రాతిగూటిలో తల్లి, కింద మోకాళ్ళపై ఒక పేద బాలిక. తల్లికి పూలదండలు వేస్తాము, కొవ్వొత్తులు వెలిగిస్తాము. ఆ బాలికను మాత్రం దాటుకొని వెళ్ళిపోతాము. బహుశా ఆమెకు కూడా అదే ఇష్టమేమో! అయినప్పటికీ ఈ శతవార్షిక సంచికలో ఆమెను గూర్చి నాలుగు మాటలు చెప్పుకొనడం ఉచితమని తలచాము. అందుకు ఒక కారణమున్నది. ఆమె తన చేతులతో తవ్విన ఊట దగ్గర ఎందరో రోగులు స్వస్థులయ్యారు. ఆమె మాత్రం ముప్పయి అయిదేండ్లకే క్షయతో, ఎముకలు పుండ్లుపడి కన్నుమూసింది. ఇదేమి న్యాయమని అడిగేవారు మనలోనూ ఉన్నారు.

ఫ్రాన్సు దేశపు దక్షిణపు అంచున, పిరనీసు పర్వతాల పాదం దగ్గర లూర్దు అనే చిన్న పట్టణమున్నది. అక్కడ బోలి అనే నీటిమరలో 1844 జనవరి 7న బెర్నదెత్త జన్మించింది. తండ్రి ఫ్రాంస్వా సుబిరు పిండిమర నడిపేవాడు. తల్లి పేరు లూయీజు. సరిగ్గా తమ పెండ్లి జరిగి ఏడాది నిండిన రోజున, జనవరి 9న, తొలిచూలు బిడ్డకు జ్ఞానస్నానమిప్పించారు. ఆ తల్లిదండ్రుల అన్యోన్యత ఎన్ని కష్టాలొచ్చినా చెడలేదు. బెర్నదెత్తకు పుట్టింట దొరికిన ఆస్తి అదొక్కటే అనాలి.

బిడ్డకు పది నెలలు నిండేసరికి తల్లికి రొమ్ము కాలి పాలివ్వలేని స్థితి వచ్చింది. సమీపాననున్న బార్త్రెస్ గ్రామంలో పసికందును పోగొట్టుకొన్న ఒక తల్లి దగ్గర ఈ బిడ్డను పాలకు ఉంచారు. ఇటు మరలో వ్యాపారం నానాటికీ దిగజారింది. ఫ్రాంస్వా మెత్తని మనసు గలవాడు. పేదలు పిండి పట్టించుకొని డబ్బు తర్వాత ఇస్తామంటే సరేననేవాడు. మరరాళ్ళకు గంట్లు పెడుతుండగా రాతిపలుకు తగిలి ఒక కన్ను కూడా పోయింది. 1854లో మర చేయిజారిపోయింది. మరుసటి ఏడు లూర్దులో కలరా వచ్చి, బెర్నదెత్తకు కూడా సోకింది. ప్రాణం దక్కిందిగాని ఉబ్బసం పట్టుకొన్నది. అది ఆమెను చివరిదాకా వదలలేదు. ఎదుగుదల కూడా అంతటితో సరి. పెద్దయ్యాక కూడా ఆమె నాలుగున్నర అడుగులను మించి పెద్దగా ఎదగలేదు.

ఇళ్ళు మారి మారి, అద్దె కట్టలేక, చివరకు ఆ కుటుంబం పాత చెరసాలకు చేరింది. ఇది అలంకారంగా అంటున్న మాట కాదు. ఆరోగ్యానికి మంచిది కాదని ఖైదీలను సైతం తరలించివేసిన పాత జైలుగది అది. సుమారు 14 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. కిటికీ బయట పెరట్లో పెంటకుప్ప. అందులో తల్లి, తండ్రి, నలుగురు పిల్లలు. 1857 మార్చిలో ఊరిలోని రొట్టెల దుకాణం నుండి రెండు బస్తాల పిండి పోయింది. ఈ పేదవాడే దొంగిలించి ఉంటాడని ఫ్రాంస్వాను పట్టుకొనిపోయి ఎనిమిది రోజులు నిర్బంధంలో ఉంచారు. ఋజువు లేక విడిచిపెట్టారు. అతనిపై వచ్చిన అనుమానానికి ఆధారం అతని పేదరికమొక్కటే. ఇటువంటిది మన పల్లెలకు కొత్త కాదు.

తినే నోళ్ళు ఒకటి తగ్గుతుందని బెర్నదెత్తను మరల బార్త్రెస్‌కు, ఆ పాలిచ్చిన తల్లి ఇంటికే పంపారు. అక్కడ గొర్రెలు కాసింది. పదమూడేండ్లు దాటినా ఆమెకు చదువు లేదు, ఫ్రెంచి భాష రాదు. తమ కొండప్రాంతపు యాస మాత్రమే తెలుసు. సత్యోపదేశం మాత్రం ఫ్రెంచిలో ఉండేది. అందుచేత సాయంత్రాలు ఆ ఇంటావిడ ఎంత వల్లె వేయించినా బిడ్డకు ఒక్క ముక్క నిలిచేది కాదు. మొద్దు అని విసుక్కొని ఆవిడ పుస్తకం పక్కన పడవేసేది. తోటి పిల్లలందరూ దివ్యసత్ప్రసాదం లోకొంటుంటే తనకు ఇంకా ఆ భాగ్యం లేదనే దిగులు బెర్నదెత్తను తొలిచేసింది. ఆ ఒక్క కోరికతోనే ఆమె 1858 జనవరిలో లూర్దుకు, ఆ చెరసాల గదికి, తిరిగి వచ్చేసింది. కడుపునిండా తిండి దొరికేచోటు వదలి ఆకలి ఉన్నచోటికి రావడం చిన్న సంగతి కాదు. తర్వాత జరిగిన మహిమలన్నిటికంటే ముందు ఈ రాకను మనం గుర్తుంచుకోవాలి.

ఫిబ్రవరి 11, గురువారం. పొయ్యిలోకి పుల్లలు లేవు. చెల్లెలు, పొరుగు పిల్ల, తాను, ముగ్గురూ గావ్ నది ఒడ్డునున్న మస్సబియేల్ అనే రాతిగుట్ట వద్దకు పుల్లలు ఏరడానికి వెళ్ళారు. మిగిలిన ఇద్దరూ చల్లని నీళ్ళలో దిగి కాలువ దాటారు. ఉబ్బసం భయంతో బెర్నదెత్త వెనుకబడి మేజోళ్ళు విప్పుతున్నది. గాలి చప్పుడైంది, కాని చెట్లు కదలలేదు. గుహలో వెలుగు, వెలుగులో తెల్లని బట్టలు, నీలి నడికట్టు ధరించిన యువతి. పాదాలపై పసుపు గులాబీలు, చేతిలో జపమాల. బెర్నదెత్త భయపడి తన జపమాల తీసింది. సిలువ గుర్తు వేసుకోబోతే చేయి లేవలేదు. ఆ యువతి వేసుకొన్నాక తనకు కూడా వచ్చింది. జపమాల ముగిసేసరికి దర్శనం మాయమైంది.

ఇక్కడొక సంగతి గమనించాలి. తాను చూచినది మరియమాత అని ఆ పిల్ల అనలేదు. తమ యాసలో, అది అని మాత్రమే అన్నది. ఊరంతా పేర్లు పెట్టినా తాను పేరు పెట్టలేదు. ఫిబ్రవరి 18న మూడవసారి వెళ్ళినప్పుడు పెద్దలు చెప్పిన ప్రకారం పేరు వ్రాసి ఇమ్మని కలము కాగితము చాచింది. ఆ యువతి నవ్వి అవసరం లేదన్నది. పదిహేను రోజులు ఇక్కడికి రావడానికి దయచేయగలరా అని అడిగింది. అడిగినది బెర్నదెత్త మాట్లాడే యాసలోనే, మీరు అని సంబోధించి. చెరసాల గదిలో పెరిగిన పిల్లను, నిరక్షరాస్యురాలిని, దొంగ అనే నిందపడిన మరవాడి కూతురిని ఊళ్ళో ఎవరూ మీరు అని ఎరుగరు. ఆ గౌరవాన్ని బెర్నదెత్త జన్మంతా మరువలేదు. ఆ రోజుననే ఆమెకు మరొక మాట కూడా చెప్పబడింది. ఈ లోకంలో సుఖపెడతానని మాట ఇవ్వడం లేదనీ, పరలోకంలోనేననీ. ఈ మాటను చదువరులు మనసులో పెట్టుకోవాలి. మొదట మేము ఎత్తిన ప్రశ్నకు జవాబు దగ్గరలోనే ఉన్నది.

రోజురోజుకు జనం పెరిగారు. 21వ తేదీ సాయంత్రం పోలీసు కమీషనరు జాకొమెగారు పిల్లను పిలిపించి ప్రశ్నించారు. ఆయన తెలివిగలవాడు. చెప్పినదాన్ని వ్రాసుకొని, చదివి వినిపించేటప్పుడు కావాలనే మార్చి చదివారు. అట్లా అనలేదనీ, ఇట్లా అన్నాననీ బెర్నదెత్త ప్రతిచోటా సరిదిద్దింది. గుహకు వెళ్ళనని మాట ఇమ్మంటే, వస్తానని మాట ఇచ్చాను గనుక ఇవ్వలేనన్నది. తర్వాత ఎందరు అధికారులు, ఎందరు గురువులు, ఎందరు వైద్యులు అడిగినా ఆమె చెప్పిన కథ ఒక్కటే. నమ్మకపోతే ఆమె వాదించేది కాదు. చెప్పమని తనకు పని అప్పగించారేగాని నమ్మించమని అప్పగించలేదని అనేది.

ఫిబ్రవరి 25న జరిగినది మొదట అవమానంగానే కనిపించింది. ఊటకు పోయి త్రాగి ముఖం కడుక్కొమ్మని ఆజ్ఞ అయింది. అక్కడ ఊట ఎక్కడిది? నది వైపు వెళ్ళబోతే, కాదు, గుహలోపల అని చూపబడింది. బెర్నదెత్త చేతివేళ్ళతో నేల గీకింది. బురద ఊరింది. మూడుసార్లు దోసిలిపట్టి పారబోసి నాలుగవసారి త్రాగింది. ముఖానికి పూసుకొన్నది. అక్కడున్న ఆకు తిన్నది. పాపుల కొరకు ప్రాయశ్చిత్తమని తరువాత చెప్పింది. కాని చూస్తున్న జనానికి కనిపించింది ముఖమంతా బురదతో ఒక పిచ్చిపిల్ల. నవ్వారు, తిట్టారు. వెంట వచ్చిన పినతల్లి సిగ్గుతో ఒక దెబ్బ వేసి ఇంటికి లాక్కొనిపోయింది. ఆ బురద నీరు తేటపడి ఈనాటికీ పారుతూనే ఉన్నది. మార్చి 1న కత్రీను లతపీ అనే నిండుగర్భిణి, చెట్టు మీదినుండి పడి వంకరపోయిన చేతిని అందులో ముంచగా వేళ్ళు కదిలాయి. ఆ దినమే ఆమెకు ప్రసవమైంది, ఆ కొడుకు తర్వాత గురువయ్యాడు. శాస్త్రీయ విచారణ తరువాత శ్రీసభ అద్భుతాలని ఒప్పుకొన్న లూర్దు స్వస్థతలు నేటికి 70 దాటాయి. లక్షల సంఖ్యలో రోగులు వెళ్ళేచోట ఆ లెక్క ఎంత చిన్నదో చూడండి. శ్రీసభ ఈ విషయంలో తొందరపడదు.

మార్చి 2న గురువుల దగ్గరకు వెళ్ళి ఇక్కడ గుడి కట్టించమనీ, ప్రజలు ఊరేగింపుగా రావాలనీ చెప్పమని ఆజ్ఞ. విచారణ గురువులు ఫాదర్ పెయ్రమాల్‌గారు భారీ మనిషి, కంచు కంఠం. పోలీసుకు బెదరని పిల్ల ఆయన ముందు మాత్రం వణికింది. ఒకటి చెప్పి రెండవది మరచి, భయపడుతూనే మళ్ళీ వెళ్ళి ఆ రెండవది కూడా చెప్పివచ్చింది. ఆ యువతి పేరేమిటో కనుక్కొని రమ్మని గురువుగారు పట్టుబట్టారు. మార్చి 25, మంగళవార్త పండుగ దినాన జవాబు వచ్చింది. తాను అమలోద్భవినని ఆమె తెలిపింది. బెర్నదెత్తకు ఆ మాటకు అర్థం తెలియదు. మరచిపోతానేమోనని దారిపొడవునా వల్లె వేసుకొంటూ వెళ్ళి గురువుగారి ముందు అట్లాగే అప్పగించింది. మరియమాత జన్మపాపరహితగా ఉద్భవించిందని పోపు తొమ్మిదవ పయస్‌గారు విశ్వాస సత్యంగా ప్రకటించి అప్పటికి నాలుగేండ్లయినా కాలేదు. సత్యోపదేశమే తలకెక్కని పిల్ల నోట ఈ మాట వినగానే ఆ గంభీరుడైన గురువు కళ్ళు చెమర్చాయి. నాటినుండి ఆయన ఆమె పక్షాన నిలిచారు.

జూన్ 3న ఆమె కోరిక తీరింది. దివ్యసత్ప్రసాదం లోకొన్నది. దర్శనమా, సత్ప్రసాదమా, ఏది ఎక్కువ సంతోషాన్నిచ్చిందని ఎవరో అడిగితే ఆమె రెండింటినీ పోల్చడానికి ఒప్పుకోలేదు. అప్పటికి ప్రభుత్వం గుహకు కంచె కట్టే యత్నంలో ఉన్నది. జూలై 16న ఆఖరి దర్శనం. కంచె అడ్డమున్నందున నదికి అవతలి పచ్చికబయలు నుండే చూచింది. అంతదూరం నుండి చూచినా దగ్గరగా ఉన్నట్లే ఉన్నదనీ, మునుపెన్నడూ అంత అందంగా కనిపించలేదనీ చెప్పింది. మొత్తం పద్దెనిమిది దర్శనాలు, అయిదు నెలలు. అక్కడితో సరి. ఆ తర్వాత ఆమె ఇరవై ఏండ్లకు పైగా బ్రతికింది. ఒక్కసారి కూడా మళ్ళీ చూడలేదు.

మన ప్రసంగాలలో కథ సాధారణంగా ఇక్కడితో ముగుస్తుంది. మాకు మాత్రం అసలైన బెర్నదెత్తమ్మ ఇక్కడినుండే కనిపిస్తుంది.

చూడవచ్చినవారు డబ్బిస్తే ఆమె తీసుకొనేది కాదు. ఇంట్లో ఆకలి తీరలేదు, అయినా తీసుకోలేదు. ఎవరికో నీళ్ళు తెచ్చిపెట్టి నాణేలు పుచ్చుకొన్న తమ్ముడిని చెంపపై కొట్టి మరీ తిరిగి ఇప్పించింది. జపమాలలు తాకమంటే, ఆశీర్వదించమంటే, తాను గురువును కాదని తోసివేసేది. 1860 నుండి నెవేర్ కన్యాస్త్రీల ఆసుపత్రిలో ఉంటూ అక్కడే చదవడం, వ్రాయడం నేర్చింది. 1862 జనవరి 18న తార్బ్ మేత్రాణులు లోరెన్సుగారు నాలుగేండ్ల విచారణ అనంతరం ఈ దర్శనాలు నమ్మదగినవని ప్రకటించారు. ఫబిష్ అనే శిల్పి గుహలో పెట్టడానికి పాలరాతి స్వరూపాన్ని చెక్కాడు. 1864 ఏప్రిల్ 4న దానిని ఘనంగా ప్రతిష్ఠించారు. బెర్నదెత్త ఆ రోజు జబ్బుపడి మంచంలో ఉన్నది. ఆ స్వరూపాన్ని చూచి, బాగున్నదిగాని ఆమె మాత్రం ఇట్లా లేదని చెప్పింది. మన గుహలలోని స్వరూపాలన్నీ దాని నకళ్ళే!

నెవేర్ మేత్రాణులు ఫోర్కాద్‌గారు 1863లో లూర్దుకు వచ్చినప్పుడు ఆమె వంటింట్లో కూరగాయలు గీకుతున్నది. సన్యాస జీవితంలో చేరతావా అని ఆయన అడిగితే తాను ఎందుకూ పనికిరానన్నది. కారట్లు గీకడం వచ్చుకదా అని ఆయన చమత్కరించారు. 1866 జూలై 4న ఆమె లూర్దు విడిచి వెళ్ళింది. గుహను, తల్లిదండ్రులను విడవడం ఎంత కష్టమైందో చెప్పనలవి కాదు. నెవేర్ మఠంలో మరునాడే కన్యాస్త్రీలందరి ముందు తన కథను ఒక్కసారి చెప్పించారు. ఇక దానిని గూర్చి మాట్లాడరాదని ఆంక్ష. సిస్టర్ మరీ బెర్నార్ అని పేరు పెట్టారు. ఆ ఏడాది డిసెంబరు 8న, అమలోద్భవి పండుగ దినాన, లూర్దులో తల్లి మరణించింది.

మఠంలో నవశిష్యురాళ్ళ పెద్దమ్మ మదర్ వోజూగారు బాగా చదివిన, కులీన వంశపు స్త్రీ. ఇంతమంది సంస్కారవంతులైన భక్తురాళ్ళుండగా దేవమాత ఈ మొరటు పల్లెపిల్లకు ఎందుకు దర్శనమిచ్చిందో ఆమెకు బోధపడలేదు. గర్వం రాకూడదనే ఉద్దేశంతో కటువుగానే ప్రవర్తించింది. ఆమెను దుష్టురాలిగా చిత్రించడం న్యాయం కాదుగాని, మనలోనూ ఈ జబ్బు ఉన్నదా లేదా? విచారణలో చదువుకున్నవారి మాటకు ఉన్న బరువు పాలేరు భార్య సాక్ష్యానికి ఉన్నదా?

1867 అక్టోబరు 30న మాటపట్టు ఇచ్చిన రోజున తోటివారందరికీ ఏ ఏ మఠాలకు వెళ్ళాలో పత్రాలు అందాయి. ఈమెకు ఏమీ లేదు. ఎందుకూ పనికిరాదని అధికారిణి మేత్రాణులకు విన్నవించింది. నిజమేనా అని ఆయన అడిగితే నిజమేనన్నది. అయితే ప్రార్థించే పని నీకు అప్పగిస్తున్నానని ఆయన అన్నారు. ఆ తర్వాత మఠంలోని రోగుల గదిలో సేవ చేసింది. ఆ పనిలో ఆమె పనికిరానిది కాదని అందరూ గ్రహించారు. చేయి నెమ్మది, మాట హాస్యం. గుడి వస్తువుల సంరక్షణ చూచింది, పూజావస్త్రాలపై కుట్టుపని చక్కగా చేసింది. ఆమెకు కోపమూ ఉండేది, మొండితనమూ ఉండేది. వాటిని ఆమే చెప్పుకొని బాధపడేది. దేవమాత తనను ఒక చీపురువలె వాడుకొని, పని ముగిశాక తలుపు మూల పెట్టిందని, అదే తనకు తగిన చోటని అనేది. ఇల్లు ఊడ్చిన చీపురును ఎవరూ దేవుని అరుగుపై పెట్టరుకదా!

చివరి సంవత్సరాలలో రోగులకు సేవ చేసిన ఆ గదిలోనే ఆమె రోగి అయింది. ఉబ్బసానికి క్షయ తోడైంది. కుడి మోకాలిపై పెద్ద గడ్డ లేచి ఎముక పుచ్చిపోయింది. కాలు కదిపితే కేక పెట్టేంత నొప్పి. 1876లో లూర్దు పెద్దగుడి ప్రతిష్ఠకు లక్షమంది వెళ్ళినా, గుడి కట్టమని కబురు తెచ్చిన ఆమె వెళ్ళలేదు. లూర్దుకు ఆమె తిరిగి ఎన్నడూ పోలేదు. స్వస్థతకోసం అక్కడికి పోరాదా అని అడిగినవారికి, ఆ ఊట తనకోసం కాదని జవాబిచ్చింది. తన పని జబ్బుగా ఉండడమేనన్నది.

ఈ మాట దగ్గర మేము కాసేపు ఆగదలిచాము. గుణదల నుండి, వేళాంగణ్ణి నుండి స్వస్థత లేకుండా తిరిగివచ్చే కుటుంబాలు మన మధ్య ఎన్నో ఉన్నాయి. చంకన బిడ్డతో వెళ్ళి అదే బిడ్డతో తిరిగివచ్చిన తల్లులున్నారు. మీకు విశ్వాసం చాలలేదని వారితో అనేవారూ ఉన్నారు. అట్లా అనేవారు బెర్నదెత్తమ్మ మంచం దగ్గర నిలబడి ఆ మాట అనగలరా? దేవమాతను కళ్ళారా చూచినామె కంటే ఎవరికి ఎక్కువ విశ్వాసముంటుంది? ఈ లోకంలో సుఖం మాట ఇవ్వలేదని ఆమెకు పద్నాలుగో ఏటనే తెలుసు. ఆ మాటను ఆమె ఉన్నదున్నట్లుగా తీసుకొన్నది. బేరం ఆడలేదు. అట్లాగని నొప్పిని తేలికగా భరించిందని కూడా కాదు. చీకటి రాత్రులలో ఆమె నలిగిపోయింది, భయపడింది. రోగుల దినంగా శ్రీసభ ఫిబ్రవరి 11నే ఎంచుకొన్నది. రెండవ జాన్‌పాల్ పోపుగారు 1992లో నిర్ణయించగా 1993 నుండి జరుగుతున్నది. ఆ దినాన మన ఆసుపత్రులలో ఈ రోగి పేరు తలచుకొంటే బాగుంటుంది.

1878 డిసెంబరులో కూడా, ఆమె మంచంపై ఉండగానే, దర్శనాల వివరాలను మరల ప్రశ్నించి వ్రాసుకొన్నారు. గుర్తున్నంతమటుకు చెప్పింది. గుర్తులేని తేదీలు గుర్తులేవనే చెప్పింది, కల్పించలేదు. మంచం తెరలకు గుచ్చుకొన్న పునీతుల చిత్రపటాలన్నీ తీసివేయించి ఒక్క సిలువను ఉంచుకొన్నది. 1879 ఏప్రిల్ 16, పునరుత్థాన వారపు బుధవారం, మధ్యాహ్నం మూడు గంటలు దాటాక, కుర్చీలో కూర్చొని సిలువను హత్తుకొని కన్నుమూసింది.

ఆమెకు పునీత పట్టం కోసం విచారణ మొదలుపెట్టాలంటే, తాను పోయేవరకు ఆగండని మదర్ వోజూగారు అన్నారు. ఆమె అప్పటికి ఆ సభకు ప్రధానాధికారిణి. 1907లో ఆమె మరణించగా మరుసటి ఏడు విచారణ ఆరంభమైంది. 1909లో సమాధి తెరచి చూడగా శరీరం కుళ్ళలేదు. చేతిలోని జపమాల మాత్రం తుప్పుపట్టింది. 1919లో, 1925లో మళ్ళీ పరీక్షించారు. ముఖానికి, చేతులకు పలుచని మైనపు తొడుగు వేసి అద్దాల పెట్టెలో ఉంచారు. ఫొటోలలో మనం చూచేది ఆ మైనపు ముఖమే. 1925 జూన్ 14న ధన్యురాలిగా, 1933 డిసెంబరు 8న పునీతురాలిగా పోపు పదకొండవ పయస్‌గారు ప్రకటించారు. ఏప్రిల్ 16 ఆమె పండుగ.

ఆ పెట్టె లూర్దులో లేదు. నెవేర్ పట్టణంలో, ఆమె జీవించిన మఠపు గుడిలోనే ఉన్నది. లూర్దుకు వెళ్ళే మనవారు చాలామంది దూరమని అక్కడికి పోరు. పోగలిగినవారు వెళ్ళి చూడాలని మా కోరిక.